ఆయన బదులు నేను నొక్కిన అప్రూవ్ బటన్

ప్రశ్న: యంత్ర భాగాలు తయారుచేసే ఓ సంస్థలో డాక్యుమెంట్ కంట్రోల్ పని చూసే పాఠకురాలి ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాం.

వారి సంస్థలో పని సూచన గానీ, తనిఖీ పత్రం గానీ, డ్రాయింగ్ గానీ మారితే ఆరుగురి సంతకాలు కావాలి: విభాగాధిపతి, ప్రొడక్షన్, క్వాలిటీ, సేఫ్టీ, ఫైనాన్స్, చివరగా ప్లాంట్ మేనేజర్. మొన్నమొన్నటి దాకా ఈమే ఫైలు పట్టుకుని గది గదికీ తిరిగేవారు. ఒక్కో పత్రానికి మూడు నాలుగు వారాలు పట్టేది. సంస్థలో ఎలాగూ మైక్రోసాఫ్ట్ 365 ఉంది కదా అని, సొంతంగా నేర్చుకుని, పనులను వాటంతటవే నడిపించే పవర్ ఆటోమేట్‌లో ఒక ఫ్లో (వరసగా నడిచే దశల అమరిక) కట్టారు. సంస్థ ఫైళ్లన్నీ దాచే షేర్‌పాయింట్‌లో ఫైలు పెడితే ఆరుగురికీ వరసగా అప్రూవల్ మెయిల్ వెళుతుంది. మొదటి నెల అందరూ మెచ్చుకున్నారు.

ప్రొడక్షన్ హెడ్ మాత్రం ఆ మెయిల్ తెరవరు. ఎప్పుడైనా తెరిస్తే కింద ‘ఓకే’ అని జవాబు రాసి పంపుతారు, అది ఫ్లోకు అందదు. ‘ప్రింటు తెచ్చివ్వు, సంతకం పెడతాను. నా కంప్యూటర్ తెరిచే ఉంది, ఆ బటనేదో నువ్వే నొక్కెయ్యమ్మా’ అన్నారట. ఈమె నొక్కారు. పదకొండు పత్రాలకు నొక్కారు. ఏడింటికి ఆయన సంతకం పెట్టిన ప్రింట్లు డ్రాయర్లో ఉన్నాయి. మిగతా నాలుగూ నోటిమాట మీద నడిచాయి.

ఆ నాలుగింటిలో ఒకటి ఇప్పుడు మెడకు చుట్టుకుంది. ఒక పని సూచనలో, బోల్టును ఎంత బలంగా బిగించాలో చెప్పే టార్క్ విలువ తప్పు పడింది. ముగ్గురు ఆమోదించాక రచయిత అదే ఫైలు తెరిచి పట్టిక మార్చారు. ఫ్లో ఆగలేదు, ఆరు ఆమోదాలూ పూర్తయి పత్రం విడుదలైపోయింది. సమావేశంలో ప్రొడక్షన్ హెడ్ ‘అది నేను చూడనే లేదు’ అన్నారు. ఆ మాట నిజమే. రికార్డులో మాత్రం ఆయన పేరు, తేదీ, సమయం ఉన్నాయి. నొక్కిన వేలు ఎవరిదో ఇద్దరికే తెలుసు.

ఇది చాలదన్నట్టు, నెల దాటిన పత్రాలు చెప్పాపెట్టకుండా మధ్యలోనే ఆగిపోతున్నాయి. యాజమాన్యం వేరే సాఫ్ట్‌వేర్ కొందామంటోంది. కొందరు కాగితమే నయమంటున్నారు. ఈమెకేమో వేరే విభాగానికి మారే అవకాశం వచ్చింది. ‘బటన్ సంగతి చెప్పాలా? చెబితే నా గతేమిటి? ఈ ఫ్లోను బాగుచేయాలా, కొత్తది కొనమనాలా, వదిలేసి వెళ్లిపోవాలా?’ అని అడుగుతున్నారు.

సమాధానం: మీ ప్రశ్నల్లో లేని ప్రశ్న ఒకటి నేను ముందు అడగాలి. ఆ తప్పు టార్క్ విలువ ఉన్న పత్రం ఇప్పుడు ఎక్కడుంది? షేర్‌పాయింట్‌లో పాత వెర్షన్‌ను పునరుద్ధరించి ఉంటారు, సరే. యంత్రాల పక్కన అతికించిన ప్రింట్లు తీయించారా? ఆ పత్రం విడుదలైన తేదీ నుంచి వెనక్కి తీసుకున్న తేదీ దాకా ఆ బోల్టులు బిగించిన భాగాల జాబితా క్వాలిటీ వారి చేతికి వెళ్లిందా? వెళ్లకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ఆ పని చేయండి. బటన్ ఎవరు నొక్కారన్నది రేపు తేల్చుకోవచ్చు.

ఇక బటన్ సంగతి. మీరు చెప్పకపోతే బయటపడకపోవచ్చు, ఈ మాట మీ దగ్గర దాచను. ఆయన కంప్యూటర్లోంచి, ఆయన లాగిన్‌తో నొక్కారు కాబట్టి ఏ లాగ్ చూసినా ఆయనే కనిపిస్తారు. పవర్ ఆటోమేట్ రన్ హిస్టరీ (ఫ్లో ఎప్పుడెలా నడిచిందన్న చిట్టా) అయితే 28 రోజులకే చెరిగిపోతుంది. అప్రూవల్ వివరాలు డేటావర్స్ అనే మైక్రోసాఫ్ట్ డేటా నిల్వలో అంతకన్నా ఎక్కువ కాలం ఉంటాయి గానీ, వాటిలోనూ ఉండేది ఆయన పేరే. అందుకే ‘ఊరుకుంటే పోలా’ అనిపిస్తుంది. ఊరుకుంటే ఏమవుతుందో చూడండి: ‘నేను చూడలేదు’ అని ఆయన నలుగురిలో అన్నారు, ‘చూశారు’ అని రికార్డు అంటోంది. ఈ రెండింటికీ పొంతన కుదర్చాల్సిన రోజు వస్తే ఆయన ముందు చెప్పేది మీ పేరే. ఆ రోజు మీరు చెప్పేది సంజాయిషీ అవుతుంది. ఇవాళ చెబితే సమాచారం అవుతుంది.

చెప్పడంలోనూ దారులున్నాయి. మొదటిది, నేరుగా మీ పై అధికారికి చెప్పడం. రెండోది, ముందు ప్రొడక్షన్ హెడ్‌కే చెప్పి, ఇద్దరూ కలిసి వెళ్లడం. ఆయన మంచివారైతే రెండోది మేలు, ‘నువ్వే నొక్కెయ్యి’ అన్నది తనే కాబట్టి సగం భారం ఆయనే మోస్తారు. కాకపోతే ‘ఎందుకమ్మా ఇప్పుడు ఇదంతా’ అని ఆపే అవకాశమూ ఉంది. ఆపితే మీ పని రెట్టింపు కష్టం, వద్దన్నాక చెప్పినట్టవుతుంది. కాబట్టి ఆయన దగ్గరికి వెళ్లినా అనుమతి అడగడానికి వెళ్లకండి. ‘రేపు పొద్దున చెబుతున్నాను సార్, మీకు ముందు చెప్పాలని వచ్చాను’ అనండి. మూడో దారి, ఎవరి పేరూ ఎత్తకుండా ‘కొన్ని అప్రూవల్స్ ఆమోదించాల్సిన వారు స్వయంగా నొక్కలేదు, మళ్లీ చూడాలి’ అని రాయడం. అది రెండు రోజులు కూడా నిలవదు. ఎవరివి, ఎన్ని అని వెంటనే అడుగుతారు.

ఏ దారిన వెళ్లినా ఉత్త చేతులతో వెళ్లకండి. పదకొండు పత్రాలకూ ఒక పట్టిక రాయండి: పత్రం నంబరు, వెర్షన్, బటన్ నొక్కిన తేదీ, సంతకం ఉన్న ప్రింటు ఉందా లేదా, ఉంటే ఆ ప్రింటు ఏ వెర్షన్‌ది. ఏడింటిని ఒకరోజు, మిగతా నాలుగింటిని ఒకరోజు చూడాలని ప్రతిపాదించండి. ఏడింటికి చేయాల్సింది, ప్రింటును విడుదలైన ఫైలుతో పక్కపక్కన పెట్టి సరిపోల్చి, స్కాన్ చేసి జతపరచడం. నాలుగింటికి అసలు ఆమోదం లేనట్టే లెక్క, ఆయనే చదివి కొత్తగా ఆమోదించాలి. పాత తేదీ వేయించుకోవడం, లాగ్‌లో ఏదైనా దిద్దడం లాంటివాటి జోలికి పోవద్దు. ఇప్పటిదాకా మీది తొందరపాటు. తేదీ మారిస్తే అది వేరే పేరుతో పిలవాల్సిన పని అవుతుంది.

చీవాట్లు పడతాయా అంటే, పడొచ్చు. ఉద్యోగానికి ముప్పు ఎంత అన్నది మీ సంస్థ తీరును బట్టి ఉంటుంది, ఇక్కడ కూర్చుని హామీ ఇవ్వలేను. మీరున్నది మందుల తయారీ లాంటి రంగమైతే ఇంకా గట్టిగా హెచ్చరించేదాన్ని. అమెరికా నియంత్రణ కిందికి వచ్చే సంస్థలకు 21 సీఎఫ్ఆర్ పార్ట్ 11 అనే నిబంధన ఉంది, దాని ప్రకారం ఎలక్ట్రానిక్ సంతకం వెంట పెట్టినవారి పేరు, తేదీ సమయం, ఎందుకు పెట్టారు అన్నవి ఉండాలి, ఒకరి సంతకం మరొకరు వాడకూడదు. అలాంటిచోట మీరు చేసినది చాలా పెద్ద విషయం. మీది ఆ రంగం కాదు కాబట్టి సరిదిద్దుకునే వీలు ఎక్కువ.

ఇప్పుడు మీ ఫ్లో దగ్గరికి వద్దాం. అది చెడ్డ ఫ్లో కాదు. దానికి తెలిసింది ఒకటే దారి, అడిగితే అవతలివారు జవాబిస్తారన్న దారి. జవాబు రాకపోతే ఏం చేయాలో దానికి తెలియదు, ఎందుకంటే ఆ సంగతి మీ సంస్థలో ఎవరూ తేల్చలేదు. కాగితం నడిచిన రోజుల్లో ఆ ఖాళీని పూడ్చింది మీ కాళ్లు. గుమ్మం దగ్గర నిలబడి ‘సార్, ఆ ఫైలు’ అని గుర్తుచేసింది మీరు, సెలవులో ఉంటే ఎవరి దగ్గరికి వెళ్లాలో కనుక్కున్నది మీరు. ఫ్లో వచ్చాక గుర్తుచేసే మనిషి పోయింది, ఆ పని ఎవరికీ అప్పగించలేదు. చివరికి ఆయన కుర్చీలో కూర్చుని నొక్కింది కూడా ఆ పాత అలవాటుతోనే.

కాబట్టి మొదటి ప్రశ్న సాఫ్ట్‌వేర్ గురించి కాదు. ఒకరు గడువులోగా జవాబివ్వకపోతే ఆ మౌనాన్ని ఏమనుకోవాలి? మూడు రకాలుగా అనుకోవచ్చు. ఒప్పుకున్నట్టే అనుకుని ముందుకు పంపడం ఒకటి. వేగంగా నడుస్తుంది, కానీ చదవనివారందరూ ఆమోదించినవారే అవుతారు. టార్క్ విలువలున్న పత్రానికి ఇది పనికిరాదు, లెటర్‌హెడ్ మార్పు లాంటివాటికి పనికొస్తుందేమో. రెండోది, పై అధికారికో ముందే ప్రకటించిన ప్రత్యామ్నాయ వ్యక్తికో పంపడం. ఇది బాగా పనిచేస్తుంది గానీ, ‘నా మీద చాడీ మెయిలా’ అని పెద్దవారికి కోపం రాకుండా ప్లాంట్ మేనేజరే దీన్ని ప్రకటించాలి. మూడోది, ‘జవాబు రాలేదు’ అన్న గుర్తుతో పత్రాన్ని రచయితకు తిప్పి పంపడం. పాత వెర్షనే అమల్లో ఉంటుంది, ఎవరికీ ప్రమాదం లేదు. అయితే పాత వెర్షన్‌లో తప్పుండి దాన్ని దిద్దడానికే ఈ మార్పు అయితే, తిప్పి పంపడమే ప్రమాదం. చాలాచోట్ల ఈ చివరి రెండూ కలిపి పెడతారు: 2 పనిదినాలకు గుర్తుచేయడం, 4 పనిదినాలకు ప్రత్యామ్నాయ వ్యక్తికి, 10కి రచయితకు. అంకెలు మీ ఇష్టం. నిర్ణయం మాత్రం మీది కాదు, ప్లాంట్ మేనేజర్‌ది. మీకు లేని అధికారాన్ని ఫ్లోలో రాయబోవడమే ఈ నాలుగు నెలల తలనొప్పికి సగం కారణం.

ప్లాంట్ మేనేజర్ చేత నాలుగు ముక్కల్లో రాయించుకోండి. ఎవరు నిర్ణయిస్తారు, ఎవరు చూసి అభిప్రాయం చెబుతారు, ఎవరికి తెలిస్తే చాలు, జవాబు రాకపోతే ఏమవుతుంది. ఆరు సంతకాల్లో నిజంగా నిర్ణయాలెన్నో అక్కడ తేలుతుంది. తనిఖీ పత్రంలో ఒక కొలత మారితే ఫైనాన్స్ వారు చూసేదేముంది? ఎప్పుడో ఎవరో చేర్చారు, తీసే ధైర్యం ఎవరికీ లేక అలా ఉండిపోయింది. ఆడిట్‌లో అడుగుతారన్న భయం ఉంటే, నాణ్యతా నిర్వహణ ప్రమాణమైన ఐఎస్ఓ 9001:2015లో 7.5.2 క్లాజు తీసి చదవండి. పత్రం తగినదిగా, సరిపోయేదిగా ఉందని సమీక్షించి ఆమోదించాలంటుంది, ఇంతమంది సంతకాలు పెట్టాలని అనదు.

వరస కూడా మారాలి. ఆరుగురూ ఒకరి తర్వాత ఒకరు, ఒక్కొక్కరు 2 రోజులు తీసుకుంటే 12 పనిదినాలు. అందరూ గడువు పాటించినప్పటి మాట అది. నలుగురికి ఒకేసారి పంపి, వారి జవాబులతో నిర్ణయం తీసుకునేవారికి పంపితే 4 రోజులు. దీనికీ ఓ చిక్కుంది. పవర్ ఆటోమేట్‌లో ‘అందరూ ఆమోదించాలి’ అనే రకం ఎంచుకుంటే, ఒక్కరు రిజెక్ట్ నొక్కగానే ఆ అప్రూవల్ అక్కడికక్కడే ముగుస్తుంది. మిగతావారు ఇంకేం దిద్దమనేవారో మీకు తెలియదు, రచయిత ఒకటి దిద్ది పంపితే రెండో రౌండులో ఇంకొకరు రిజెక్ట్ చేస్తారు. ఇలా మూడు రౌండ్లు తిరిగితే వరసగా పంపినదానికన్నా ఎక్కువ రోజులవుతుంది. అభిప్రాయాలు సేకరించే దశకు ‘కస్టమ్ రెస్పాన్సెస్, అన్ని జవాబులకూ ఆగు’ అన్న రకం వాడండి. ‘సరే’, ‘చిన్న సవరణతో సరే’, ‘వద్దు’ అని మూడు జవాబులు పెట్టండి. నలుగురి మాటలూ ఒకేసారి రచయిత చేతికొస్తాయి.

ముగ్గురు ఆమోదించాక ఫైలు మారిపోయిన సంగతి. కాగితంలో ఒక సుగుణం ఉండేది, సంతకం పెట్టిన కాగితమే దాఖలయ్యేది. మీ ఫ్లో మెయిల్లో పంపుతున్నది ఫైలు లింకు. లింకు ఎప్పుడూ తాజా ఫైలునే చూపిస్తుంది. మొదటి ముగ్గురు ఒకటి చూశారు, తర్వాతివారు ఇంకొకటి చూశారు. ఆరు ఆమోదాలున్నాయి గానీ ఆరూ ఒకే పత్రానివి కావు.

దీనికి మూడు మందులున్నాయి. అన్నిటికన్నా తేలికైనది, పత్రం ఆమోదాలకు బయల్దేరే క్షణంలో ఫైలును పీడీఎఫ్‌గా మార్చి, రచయితకు దిద్దే అనుమతి లేని వేరే లైబ్రరీలో పెట్టి, అందరికీ దాని లింకే పంపడం. రచయిత మూలాన్ని ఎంత మార్చుకున్నా ఆమోదం పొందేది ఆ పీడీఎఫ్. విడుదల చేసేది కూడా అదే కావాలి, చివర్లో మళ్లీ మూలం నుంచి కొత్త పీడీఎఫ్ తీస్తే మొదటికొస్తుంది. రెండోది, ఫ్లో ద్వారా ఫైలును చెక్ అవుట్ చేసి, ఇంకెవరూ మార్చకుండా తాళం వేయడం. బాగానే ఉంటుంది, కాకపోతే ఫ్లో మధ్యలో చచ్చిపోతే తాళం అలాగే మిగిలిపోతుంది, తీయమని మీకు ఫోన్లు మొదలవుతాయి. మూడోది, లైబ్రరీలో మైనర్ వెర్షన్లు (3.4, 3.5 లాంటి చిన్న వెర్షన్లు) ఆన్ చేసి, పంపేటప్పుడు వెర్షన్ నంబరు రాసిపెట్టుకుని, విడుదలకు ముందు సరిపోల్చడం. 3.4 పంపితే 3.4 ఉంటేనే 4.0గా పబ్లిష్ కావాలి, 3.5 కనిపిస్తే ఆగిపోవాలి. ఇక్కడ అందరూ పడే గొయ్యి ఒకటుంది. ఫైలు పక్కన ‘స్టేటస్’ అనే కాలమ్ పెట్టి, ప్రతి ఆమోదానికీ ఫ్లో దాన్ని మారుస్తుంటే, ఆ మార్పు కూడా కొత్త వెర్షన్‌గా లెక్కకొస్తుంది. ఎవరూ ఫైలు ముట్టకపోయినా నంబరు పెరిగిపోయి మీ తనిఖీయే మీ పత్రాన్ని ఆపేస్తుంది. ఫ్లో ‘ఫైలు మారినప్పుడు’ మొదలయ్యే రకమైతే ఇంకా ఘోరం, తను మార్చిన స్టేటస్ చూసి తనే మళ్లీ మొదలవుతుంది, దానికి అంతుండదు. స్టేటస్‌ను ఫైలు మీద కాకుండా వేరే లిస్టులో ఉంచితే రెండు బాధలూ పోతాయి.

ఆ లిస్టే మీ నెల రోజుల సమస్యకూ మందు. పవర్ ఆటోమేట్‌లో ఒక రన్, అంటే ఫ్లో ఒకసారి నడవడం, 30 రోజులకు మించి బతకదు. ఆరు దశలూ ఒకే రన్‌లో ఉన్నాయి కాబట్టి, మొదటి ఇద్దరు ఆలస్యం చేస్తే ఐదోవారి దగ్గర ఉండగా అది ముగిసిపోతుంది. ఎవరికీ కబురు వెళ్లదు, ఎందుకంటే కబురు పంపే దశ దాకా అది రాదు. ఒక్క రన్ మీద పత్రం జీవితమంతా మోయించకండి. షేర్‌పాయింట్‌లో ఒక లిస్టు పెట్టి, ఒక్కో ఆమోదానికి ఒక వరస (రో) రాయించండి: పత్రం నంబరు, వెర్షన్, పాత్ర, వ్యక్తి, పంపిన తేదీ, గడువు, నిర్ణయం, నిర్ణయించిన తేదీ, వ్యాఖ్య, నమోదు చేసినవారు. కొత్త వరస చేరగానే ఒక చిన్న ఫ్లో ఆ ఒక్కరికే అడిగి జవాబు రాస్తుంది. ఇంకో ఫ్లో రోజూ పొద్దున్నే లిస్టు చూసి గడువు దాటినవారికి గుర్తుచేస్తుంది, అవసరమైతే పైకి పంపుతుంది. మూడోది, ఒక పత్రానికి అన్ని వరసలూ నిండాయా అని చూసి తర్వాతి దశ వరసలు చేరుస్తుంది. పత్రం ఎక్కడుందన్నది లిస్టులో ఉంటుంది కాబట్టి, ఏదైనా రన్ చెడినా మళ్లీ మొదలుపెట్టడం ఒక వరస పని.

అప్రూవల్ దశకు టైమవుట్ (ఎంతకాలం ఆగాలన్న గడువు) కూడా మీరే పెట్టండి. సెట్టింగ్స్‌లో ఇంగ్లిష్‌లో P10D అని రాస్తే పది రోజులకు వదిలేస్తుంది. రెండు జాగ్రత్తలు. అవి క్యాలెండర్ రోజులు, సెలవులు లెక్కలోకే వస్తాయి. పనిదినాలు కావాలంటే సెలవుల లిస్టు పెట్టి గడువు మీరే లెక్కకట్టించాలి. రెండోది, టైమవుట్ అయితే తర్వాతి దశ నడవదు, రన్ విఫలమైనట్టు చూపి ఆగిపోతుంది. తర్వాతి దశకు ‘రన్ ఆఫ్టర్’ సెట్టింగులో ‘టైమవుట్ అయినప్పుడు’ అన్న గడిలో టిక్ పెడితేనే మౌనానికి కూడా ఒక దారి ఉంటుంది.

వ్యక్తుల పేర్లు ఫ్లో లోపల రాసి ఉంటే తీసేయండి. పాత్ర, వ్యక్తి, ప్రత్యామ్నాయ వ్యక్తి అని మూడు కాలమ్‌ల లిస్టు చాలు. దాన్ని ఎవరైనా మార్చగలగాలి, ఫ్లో తెరవాల్సిన పని ఉండకూడదు. ప్రత్యామ్నాయం ఒక్క మెట్టుకే పరిమితం చేయండి. ఒకరు ఇంకొకరికి, ఆ ఇంకొకరు మళ్లీ మొదటివారికి అప్పగించి ఇద్దరూ సెలవు పెడితే పత్రం వారిద్దరి మధ్యే తిరుగుతూ ఉంటుంది. రచయితా ఆమోదించేవారూ ఒకరే అయిన సందర్భంలో ఆ వరస పైవారికి వెళ్లాలి. చాలామంది మరిచేది ఇదే, ఎందుకంటే విభాగాధిపతి స్వయంగా పత్రం రాయడం ఏడాదికి రెండు మూడుసార్లే జరుగుతుంది.

ఇక ప్రొడక్షన్ హెడ్. మొండితనం అని మీరు రాశారు. కావచ్చు. కానీ ఆయన బల్ల దగ్గరికి మీరు ఏం పంపుతున్నారో చూడండి: పత్రం పేరు, ఒక లింకు. నొక్కితే నలభై పేజీలు. ఎక్కడ మారిందో తెలియదు. ప్రింటు పట్టుకుని మీరు వెళ్లినప్పుడు ‘ఏం మారిందమ్మా’ అని అడిగి ఉంటారు, మీరు వేలు పెట్టి చూపించి ఉంటారు. ఆ వేలు మెయిల్లో లేదు. అప్రూవల్ కోరేటప్పుడు ‘డీటెయిల్స్’ గడిలో మూడు వాక్యాలు తప్పనిసరి చేయండి: ఏ పేజీలో ఏం మారింది, ఎందుకు, మీరు ప్రత్యేకంగా చూడాల్సింది ఏది. వర్డ్‌లో ‘కంపేర్’ వాడి తీసిన తేడాల ఫైలు జతచేయండి. ఈ మూడు వాక్యాలు రాయని రచయిత పత్రాన్ని ఫ్లో తీసుకోకూడదు.

అప్పటికీ ఆయన స్క్రీన్ మీద చూడనంటే? వచ్చిన అప్రూవల్‌ను ఆయన తన డిప్యూటీకి రీఅసైన్ చేయొచ్చు, రికార్డులో డిప్యూటీ పేరే పడుతుంది. పత్రాలు త్వరగా కదులుతాయి, కానీ ప్రొడక్షన్ తరఫున నిర్ణయించేది ఇక డిప్యూటీ అవుతారు, అది ఆయనకు ఇష్టమేనా అని అడగాలి. లేదంటే కాగితానికే ఒక రాజమార్గం వేయొచ్చు. ఆ పీడీఎఫ్‌నే వెర్షన్ నంబరుతో ప్రింటు తీసి, ఆయన సంతకం పెట్టాక స్కాన్ చేసి జతపరచి, లిస్టులో నిర్ణయం ఆయనదనీ, నమోదు చేసినవారు మీరనీ రాయడం. ఇప్పటిదాకా దొంగచాటుగా చేసినదే, ఇప్పుడు మీ పేరుతో పగటిపూట చేస్తారు. అయితే ఇది ఆయన ఒక్కరికే, ఆరు నెలలకే అని ముందే చెప్పించుకోండి, లేకపోతే ఇంకో ముగ్గురు క్యూ కడతారు. ఏదైనా గానీ, ఆయన కంప్యూటర్ ముందు ఇక మీరు కూర్చోవద్దు. ఆయనే బతిమాలినా సరే.

కొత్త సాఫ్ట్‌వేర్ మాట. తేలని ఆరు సంతకాలను తీసుకెళ్లి కొత్తదాంట్లో పెడితే, ఎక్కువ డబ్బుకు అదే జబ్బు. పాత్రలు, గడువులు తేలాక కూడా నెలకు వందల పత్రాలు వస్తుంటేనో, పత్రం మారినప్పుడల్లా ఎవరెవరు శిక్షణ తీసుకున్నారో దానికి ముడిపెట్టాలంటేనో కొనడంలో అర్థముంది. డెమోలో అమ్మేవారు చూపించేది చూడకండి, మీ మూడు పత్రాలు ఇవ్వండి. ఒకదాంట్లో ఆమోదించేవారు సెలవులో ఉండాలి, ఒకదాన్ని మధ్యలో మార్చాలి, ఒకటి పూర్తయ్యాక తప్పని తెలియాలి. మెయిల్లో లింకు నొక్కిన వెంటనే ఆమోదం నమోదయ్యే ఉత్పత్తి అయితే అక్కడే ఆపండి. మెయిల్ భద్రతా స్కానర్లు కొన్ని, వైరస్ ఉందేమోనని లింకులను మనకన్నా ముందే తెరుస్తాయి, అప్పుడు పత్రాన్ని ఆమోదించింది స్కానర్ అవుతుంది. లింకు ఒక పేజీకి తీసుకెళ్లి, అక్కడ విడిగా బటన్ ఉండాలి. రేపు ఆ అమ్మేవారిని వదిలేస్తే పాత ఆమోదాల చరిత్ర ఏ రూపంలో చేతికిస్తారో కొనకముందే రాతలో తీసుకోండి.

పూర్తిగా కాగితానికి పోవడం కూడా తప్పు నిర్ణయమేం కాదు, నెలకు నాలుగైదు పత్రాలే అయితే. కానీ మీరు మారిపోతున్నారు. ఆ కాళ్లు ఎవరివో అప్పుడు తేల్చుకోవాలి.

బదిలీ గురించి. ఫ్లో మీ పేరు మీద ఉందంటే దాని కనెక్షన్లన్నీ, అంటే అది షేర్‌పాయింట్, మెయిల్ లాంటివాటిలోకి వెళ్లే లాగిన్లన్నీ, మీ ఖాతావే. విభాగం మారగానే ఆగకపోవచ్చు, మీ అనుమతులు తీసేసిన రోజున ఆగుతుంది. అప్పటిదాకా షేర్‌పాయింట్‌లో ప్రతి మార్పూ మీరే చేసినట్టు కనిపిస్తుంటుంది, ఇంత జరిగాక అది మీకు అస్సలు మంచిది కాదు. ఐటీ వారిని అడిగి ఒక సర్వీస్ ఖాతా (ఏ ఒక్క మనిషిదీ కాని ఖాతా), దానికో లైసెన్సు తీసుకోండి. కనెక్షన్లు ఆ ఖాతాతో కొత్తగా కట్టి, ఇద్దరిని సహ యజమానులుగా చేర్చండి. ఇప్పటికే నడుస్తున్న రన్‌లు పాత రూపంతోనే సాగుతాయి కాబట్టి, మార్చడానికి ముందు పెండింగ్‌లో ఉన్నవి ముగించండి, లేదా రద్దు చేసి కొత్త లిస్టులో మళ్లీ పెట్టండి. మొదట ఒక్క రకం పత్రాలతో, పదింటితో నడిపి చూడండి, సగటు రోజులు కాదు, అన్నిటికన్నా పాతగా పెండింగ్‌లో ఉన్నది ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా ఉందో చూడండి. ఇదంతా అయ్యేదాకా, అంటే కనీసం నెలన్నర, బదిలీ తేదీని వెనక్కి జరపమని అడగండి. ఆ అడగడం మాత్రం బటన్ సంగతి చెప్పాకే.